నారబట్ట కప్పుకోని వారసుడు

పనసపండు పండితే చాలు, వాసన పట్టుకుని మీరంతా ఈ ఫ్లాట్లలోంచి దిగుతారు. గేటు పక్క చెట్టెక్కి కోసుకుంటారు. జిగురు అంటకుండా చేతులకు నూనె రాసుకోవడం కూడా నేర్చుకున్నారు. ఆ చెట్టు ఎవరు పెట్టారని ఒక్కరైనా అడిగారా? నాలుగో అంతస్తులో నిలబడి బైపాస్ రోడ్డు కనపడేట్టు ఫొటోలు దిగుతారు, మీ కాళ్ల కింద ఎవరి పొయ్యి ఉండేదో తెలియదు. పెద్దాయన కలూలె గురించి అడుగుతారు. ఆయన కొడుకు కార్ల గురించి అడుగుతారు. కంపెనీవాడు ఈ కొండ ఎంతకు కొన్నాడో అది కూడా అడుగుతారు. నబతంజి పేరు మాత్రం ఇన్నేళ్లలో ఒక్క నోట రాలేదు. సిగ్గుండాలి. సరే, కూర్చోండి. ఆ గింజలు పారెయ్యకండి, ఉడకేసుకోవచ్చు.

నబతంజి ఈ బులిందోకు వచ్చినప్పుడు ఇక్కడ కాఫీ చెట్లు, తుప్పలు, కోతులు తప్ప ఏమీ లేవు. మసాకా వైపు నుంచి వచ్చింది. మొగుడు రెండో ఆవిడను తెచ్చుకున్నాడని వదిలేసి వచ్చిందనుకుంటారు అందరూ. అది కాదు. వాడు ఎంతమందిని తెచ్చుకున్నా ఆవిడ పట్టించుకునే రకం కాదు. ఆ రెండో ఆవిడ కోసం, నబతంజి నాటి పెంచిన అరటితోటను మధ్యలో కర్రలు పాతి సగం చేశాడు. అందుకు వదిలేసింది. వచ్చేటప్పుడు గోనెసంచిలో అరటి పిలకలు కట్టుకుని బస్సెక్కింది. బట్టలు తక్కువ, పిలకలు ఎక్కువ. కండక్టరు సంచికి కూడా టికెట్ అడిగితే, సంచి నా ఒళ్లో కూర్చుంటుంది, పిల్లకు తీసుకుంటావా టికెట్ అని అడిగిందట.

ఈ కొండవాలు అంతా కలూలెది. ఆయన తాతకు రాజుగారి కాలంలో వచ్చింది, పట్టా ఇంట్లో రేకుపెట్టెలో ఉండేది. నబతంజి పద్ధతి ప్రకారమే వెళ్లింది. తెల్లటి పొడుగు కంజు ఒకటి కుట్టించి, ఒక కోడి, ఒక సొరబుర్ర నిండా అరటి కల్లు పట్టుకుని ఆయన వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఆ కంజును అక్కడికక్కడే తొడుక్కున్నాడు. అది పిక్కల దగ్గర ఆగిపోయింది. నీ మొగుడి కొలత తెచ్చావా అని నవ్వి, ఆ పొట్టి కంజుతోనే కొండ దిగాడు. నాలుగు మూలలా ఒలువాన్యి మొక్క తన చేత్తో పాతాడు. మన సరిహద్దు మొక్క అదే, ఎండలో చావదు, మేక తినదు. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా నీ అరటి, నీ గది, నీ పొయ్యి అన్నాడు. నేల మాత్రం నాది, ఏడాదికోసారి శిస్తు తెచ్చి మొహం చూపించి వెళ్లు అన్నాడు.

మన దగ్గర అంతే కదా. నేల ఒకరిది, నేల మీది బతుకు ఇంకొకరిది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. నబతంజి ఏటా వెళ్లి శిస్తు ఇచ్చేది. కలూలె రెండు చేతులా అందుకుని, అందులోంచే తీసి చక్కెర కొనుక్కో అని వెనక్కి ఇచ్చేవాడు. పట్టా అనే మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. బతికున్న మనిషి దగ్గర ఆ మాట ఎత్తితే, నువ్వెప్పుడు పోతావు అని అడిగినట్టే.

కింద బురదలో ఇటుకలు కాల్చేవాళ్లు ఉండేవారు. నబతంజి వాళ్లకు మతోకె, అదే ఆవిరికి ఉడికించిన అరటికాయ ముద్ద, వేరుశెనగ పులుసు వండి పెట్టేది. డబ్బు తీసుకునేది కాదు, బట్టీ విప్పాక ఇటుకలు తీసుకునేది. ఎందుకని అడిగితే, చేతిలో డబ్బుంటే మసాకాలో చుట్టాలకు వాసన తగులుతుంది, ఇటుకలకు వాసన ఉండదు అనేది. అలా అన్నం పెట్టిన చేత్తోనే ఒక గది లేపింది. దానికో తలుపు, దాని ముందో అరుగు. దాన్ని అద్దెకిచ్చి, ఆ అద్దెతో పక్కన ఇంకో గది. అదే గోడ, అదే రేకు పొడిగించి ఇంకోటి. చివరికి బాట పొడుగునా ఒకే కప్పు కింద రైలుపెట్టెలా గదులు వచ్చాయి. ముజిగోలు అంటాం కదా, అవే. ఒక గది, ఒక తలుపు, బయట అందరికీ కలిపి ఒక దొడ్డి. వెనక ఎత్తున అరటితోట, దాని కొసన, ఇప్పటి రోడ్డు పక్కగా, ఆవిడే పెట్టిన ఈ పనస.

అద్దెకు మనిషిని పెట్టుకోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఉద్యోగం అడగదు, ఊరు అడగదు. సామాను దించేటప్పుడు గిన్నెలు తెచ్చి చూపించమనేది. అడుగు తోమిన గిన్నె ఉంటే గది ఇచ్చేది, మసి అట్టలు కట్టిన గిన్నె ఉంటే గది ఖాళీ లేదనేది. రోజూ అడుగు తోమేవాళ్లు నెలాఖరున మొహం చాటెయ్యరని ఆమె లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. తప్పిన లెక్క వేరే ఉంది.

కలూలె పోయాడు. కడుపులో ఏదో పెరిగి, వర్షాలకు ముందే పోయాడు. పాతిపెట్టారు. కానీ మన దగ్గర పాతిపెట్టడంతో చావు అయిపోదు, అది మీకు తెలిసుండాలి, మీకు తెలియదనే చెప్తున్నాను. పెద్దకర్మ చేయాలి. కులపెద్దలు కూర్చుని, వారసుడి భుజాన నారబట్ట కట్టి, చేతికి బల్లెం ఇచ్చి, ఇదిగో మీ కలూలె, చావలేదు, ఇక్కడే ఉన్నాడు అని అందరికీ చూపించాలి. అప్పటిదాకా చావు ఆ ఇంట్లోనే కూర్చుని ఉంటుంది. కలూలెకు ముగ్గురు పెళ్లాలు, ముగ్గురికీ కొడుకులు. ఒకరు కర్మ పెడదామంటే ఇంకో ఇద్దరు రారు. పెద్దావిడ కొడుకు వారసుడు కావాలని పెద్దలు, ఇంగ్లీషు వచ్చిన చిన్నావిడ కొడుకు కావాలని ఇంకొందరు. అలా ఏళ్లు గడిచాయి.

నబతంజికి శిస్తు ఎవరికివ్వాలో తెలియలేదు. ఇవ్వకుండా ఉండటం ఆమెకు చేతకాదు. ఏటా అదే నెలలో ఆ డబ్బు తీసి, గుడ్డలో ముడి కట్టి, ఒక పాత టీపొడి డబ్బాలో వేసేది. కలూలె వచ్చాక ఇస్తాను అనేది. కలూలె అంటే, నారబట్ట కట్టుకుని వచ్చే మనిషి, ఎవరైనా సరే.

అప్పుడు వచ్చాడు ముగాలు. చిన్నావిడ కొడుకు, పట్నంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. అన్నలు పోట్లాడుకుంటూ కూర్చుంటే ఇతను కోర్టుకు వెళ్లి, తండ్రి ఆస్తికి తనే బాధ్యుడినని కాయితం తెచ్చుకున్నాడు. బోడా బండి, అదే కిరాయి మోటారుసైకిలు మీద వచ్చి, కాయితాన్ని సంచిలోంచి రెండు వేళ్లతో తీశాడు. నబతంజి మోకాళ్ల మీద కూర్చుని పలకరించింది, టీ పోసింది, ఉడికిన చిలగడదుంప పెట్టింది. అతిథికి చేసినట్టు చేసింది. యజమాని అనుకుంటే కోడి తెచ్చేది. ముగాలుకు ఆ తేడా తెలుసు, దుంప నములుతూనే మొహం గంటు పెట్టుకున్నాడు.

అతనికి డబ్బు అవసరం. ఈ ముక్క వరకు పట్టా రాసిస్తాను, కొనుక్కో అన్నాడు. అడిగింది చాలా తక్కువ. ఆమె అప్పుడే ఇంకో రెండు గదులకు రేకులు కొనడానికి డబ్బు పోగేసి ఉంది. సరిగ్గా అంత.

"కోర్టు నన్ను నిలబెట్టింది, న్యాబో, అమ్మా. ఇదిగో ముద్ర చూడు," అన్నాడు.

"కోర్టు నీ భుజాన నారబట్ట కట్టిందా, నాయనా?"

"నారబట్టకేముంది, సంతలో దొరుకుతుంది."

"అయితే ఒకటి కొనుక్కుని మీ అన్నల చేత కట్టించుకుని రా. ఆ సాయంత్రమే డబ్బు నీ చేతిలో పెడతా. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ వంట కూడా నాదే."

ముగాలు కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అన్నల చేత కట్టించుకోవడం ఒక్కటే అతనికి చేతకానిది, ఆ సంగతి ఆమెకు తెలియదు. మళ్లీ వచ్చేసరికి ఈ రేటు ఉండదు, అమ్మా, తర్వాత నన్ను అనొద్దు అన్నాడు. రేటు పెరిగితే కాస్త ఎక్కువ ఇస్తాను, వారసుడు మారితే మొత్తం రెండోసారి ఇవ్వాలి కదా, నువ్వే చెప్పు ఏది నష్టమో అంది ఆమె.

నవ్వకండి. అది తెలివితక్కువ మాట కాదు. అవతలి కొండ మీద ఒకతను తొందరపడి తమ్ముడి దగ్గర కొన్నాడు. కర్మనాడు అన్నకు నారబట్ట కట్టారు. పాపం అతను అదే నేలకు రెండుసార్లు డబ్బు కట్టి, మూడోసారి లాయరుకు కట్టాడు. నబతంజికి అది తెలుసు. పట్నంలో చదువుకున్నవాళ్లు కూడా కొనేముందు అమ్మేవాడి హక్కు చూసుకోమనే కదా చెప్తారు? ఆమె అదే చూసుకుంది. కాకపోతే ముద్రలో చూడాల్సింది భుజం మీద చూసింది.

ఆ రెండు గదులూ కట్టేసింది.

ముగాలు ఆమె దగ్గర నుంచి తిన్నగా పక్క ముక్కకు వెళ్లాడు. అక్కడ సెంతొంగో ఉండేవాడు. బొగ్గు అమ్ముతాడు, అమ్మినదంతా తాగుతాడు. కల్లుపాకలో ముగాలు తాగించాడో, సెంతొంగోనే ముగాలుకు తాగించాడో, తెల్లారేసరికి సెంతొంగో ఆ ముక్కకు పట్టా కొంటానని మాటిచ్చేశాడు. మాట నిలబెట్టుకోవడానికి పెళ్లాం పెంచుకుంటున్న చూలు పందిని, కుట్టుమిషన్ని అమ్మేశాడు. ఆవిడ నెత్తిన గుడ్డ కప్పుకుని పుట్టింటికి పోయింది. కొండంతా నవ్వింది. పట్టాదారుగారు వచ్చారు, దారివ్వండి అని పిల్లలు కూడా వెంటపడేవాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వింది నబతంజి. నవ్వి ఊరుకోలేదు కూడా. నీళ్ల కుళాయి దగ్గర అందరూ వరసలో ఉండగా, సెంతొంగో, ఆ కాయితం బొగ్గు బస్తా మీద కప్పు, వానకు బొగ్గయినా తడవకుండా ఉంటుంది అంది. అతను వరసలోనే నిలబడి తల గోక్కున్నాడు.

ఆ మాట ఆమెను తర్వాత ఎంత కట్టిపడేసిందో చూడండి.

బైపాస్ రోడ్డు పడింది. కోతులు పోయాయి, కార్లు వచ్చాయి. కాఫీ తోటలు కొట్టి గోడలు లేపారు. నిన్న ఎవడికీ అక్కర్లేని వాలు ఇవాళ పెరడు కావాలన్నవాడికి, ఫ్లాట్లు కట్టాలన్నవాడికి, ఊరికే కొని పెట్టుకుని పదేళ్లకు అమ్ముదామన్నవాడికి ముద్దొచ్చింది. ఇదే కొండ మీద ఏనాడూ నిద్రపోనివాళ్లు ఇదే కొండను చేతులు మార్చుకున్నారు. నబతంజి గదులు కిటకిటలాడాయి, రోడ్డు కూలీలు, బోడా బండ్లవాళ్లు, కుట్టుపని అమ్మాయిలు. అద్దె పెంచింది. అందరిలాగే ఆమె కూడా అనుకుంది, ఇది ఇలాగే పెరుగుతూ పోతుందని.

ముగాలు రెండోసారి వచ్చాడు. ఈసారి కారు, కారులో ఎర్ర రంగు పూసిన కొయ్యలు పట్టుకుని ఒక సర్వేయరు. కొనమని అడగలేదు. ఇప్పుడు నువ్వు కొనలేవు, న్యాబో, అందుకని ఒక దారి చెప్తాను అన్నాడు. నేల రెండు ముక్కలు చేద్దాం. పైన అరటితోట ఉన్న సగం నాకు. కింద గదులున్న సగం నీకు, దానికి పట్టా నీ పేరున రాసిస్తా, పైసా ఇవ్వక్కర్లేదు. మన దగ్గర ఇలా చాలామంది చేసుకున్నారు, న్యాయంగానే చేసుకున్నారు. ఇప్పుడు చూసుకుంటే అది బంగారం లాంటి మాట.

కానీ సర్వేయరు ఆ మాట పూర్తయ్యేలోపే అరటితోట మధ్యలో ఒక కొయ్య పాతేశాడు. నబతంజి దాన్ని చూసింది. మసాకాలో చూసిన కొయ్యే ఆమెకు కనపడింది. వెళ్లి, రెండు చేతులా పట్టి ఊపి ఊపి పీకి, సర్వేయరు కాళ్ల ముందు పెట్టింది. మట్టి దులిపి మరీ పెట్టింది.

"సగం చేసేవాళ్లను నేను ఒకసారి చూశాను, నాయనా. ఇంకోసారి చూడను."

"మొత్తం పోతుంది, అమ్మా. సగం ఉంచుకో."

"ఎవరు తీసుకుంటారు? కలూలెనా? కలూలె ఇంకా లేవలేదుగా."

అతను వెళ్లాక మాత్రం పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్లు పొయ్యడం మర్చిపోయింది. మర్నాడు కలూలె చెల్లెలి దగ్గరకు వెళ్లింది, ఇంటిల్లిపాదికీ మేనత్త, ఆవిడ మాటకు విలువ. వాడి దగ్గర తీసుకుంటే మా అన్న గుమ్మంలో కూర్చుని నిన్నే చూస్తుంటాడు అంది మేనత్త. ఆవిడకు ముగాలు తల్లి అంటే మొదటి నుంచీ పడదు. అన్న మీద ప్రేమతో అందో, ఆ తల్లి మీద కక్షతో అందో, నబతంజి అడగలేదు. అడగాలని కూడా అనుకోలేదు. కావాల్సిన మాట దొరికింది, తెచ్చుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు ముగాలు దగ్గర పట్టా తీసుకుంటే కుళాయి దగ్గర సెంతొంగో ఉంటాడు కదా. బొగ్గు బస్తా మాట అతను మర్చిపోయినా వరసలో ఉన్నవాళ్లు మర్చిపోరు. మనిషికి ఇల్లు పోవడం కంటే మాట పోవడం ముందు కనపడుతుంది.

తర్వాత గాలి మారింది. రోడ్డుకు అవతల ఫ్లాట్లు లేచాయి. ముందుగా ఖాళీ చేసింది కుట్టుపని అమ్మాయి, అందరికంటే బాగా గిన్నెలు తోమేది. ఆ ఫ్లాట్లలో కుళాయి ఇంట్లోనే ఉందట, దొడ్డి కూడా ఇంట్లోనేనట, తెల్లరాళ్లు పరిచారట. వండుకునే చోట ఆ పని ఎలా చేస్తావు అని నబతంజి నిజంగానే అడిగింది. మధ్యలో తలుపుంటుంది జాజా, అమ్మమ్మా అని ఆ అమ్మాయి నవ్వింది. ఒక్కొక్కరే వెళ్లారు. నబతంజి మొదటిసారి అద్దె తగ్గించింది. మొదటిసారి మసి గిన్నెలవాళ్లకు గది ఇచ్చింది. కొన్ని గదులకు బయట నుంచి గొళ్లెం పెట్టి, లోపల మనిషి ఉన్నట్టు అరుగు మీద ఒక జత చెప్పులు విడిచి ఉంచేది.

మూడోసారి ముగాలు రాలేదు. ఒక పెద్ద జీపు వచ్చింది. ఆమె నేల మీద ఉండగానే, ఆమెతో సహా, ఆమె కింద నేలను ఒక కంపెనీకి అమ్మేశాడు. మన దగ్గర అలా కుదురుతుంది. చీరలో పిల్లను చుట్టి చీరను అమ్మినట్టు. ఇన్నేళ్లుగా ఈ మనిషి శిస్తు కట్టలేదు, కాబట్టి ఇక్కడ ఉండే హక్కు లేదు అని కంపెనీవాళ్లు అర్జీ పెట్టారు.

విచారణకు పిలిచారు. ఆఫీసులో అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. నబతంజి ఎంతో ధైర్యంగా వెళ్లింది. టీపొడి డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. ఏ ఏటి ముడి ఆ ఏటిదే, ఒక్క ఏడూ తప్పలేదు. అధికారి ముడులన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. మీ దగ్గర ఉంచుకుంటే కట్టినట్టు కాదు కదమ్మా, ముగాలుగారికి ఎందుకివ్వలేదు అని అడిగాడు. అతను వారసుడు కాదు అంది. కోర్టు కాయితం ఉంది కదా అన్నాడు. కాయితం ఉంది, వారసుడు లేడు అంది.

"అంటే, ఈ నేలకు యజమాని లేడంటున్నారా?" అని ఇంకొకసారి, మెల్లగా అడిగాడు. ఆమె ఆలోచించుకోవాలనే అడిగాడేమో పాపం.

"లేడనే అంటున్నాను, సేబో, అయ్యా. చావు తేలేదాకా ఉండడు."

పక్కనున్న గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు. నేలకు యజమానే లేడన్న కౌలుదారుకు మన చట్టంలో నిలబడే చోటు లేదు. అక్కడితో అయిపోయింది.

గదుల రేకులకు, ఇటుకలకు, అరటిచెట్లకు విలువ కట్టి ఇచ్చారు. నేలకు ఏమీ లేదు. గదుల్లో సగం ఖాళీ కాబట్టి వాటి విలువ కూడా సగమే అన్నారు, చెప్పులు చూసి మోసపోవడానికి వాళ్లు అంత అమాయకులు కాదు. ఆమె ఒక్కటే అడిగింది, పనసచెట్టు కొట్టొద్దని. గేటు దగ్గర కాపలావాడికి నీడ కావాలి కాబట్టి ఒప్పుకున్నారు. గదులు ఒక్క మధ్యాహ్నంలో పడిపోయాయి. ఆమె అన్నం వండి సంపాదించిన ఇటుకలు నలగ్గొట్టి, గేటులోంచి మీరు బండ్లు నడుపుకుంటూ వచ్చే దారి కింద పరిచారు. రేపు దిగేటప్పుడు చూసి నడవండి.

మసాకాకు ఎందుకు వెళ్లలేదంటారా? ఏం మొహం పెట్టుకుని వెళ్తుంది? సెంతొంగో దగ్గరకు వెళ్లింది. ఆ తాగుబోతు తన ముక్కలో సగం, పట్టా చేతిలో ఉంది కాబట్టి తన ఇష్టమొచ్చిన రేటుకు, ఇదే కంపెనీకి అమ్మాడు. పెళ్లాం తిరిగొచ్చింది, మిషన్లు నాలుగు కొనిచ్చాడు. మిగిలిన సగంలో వరసగా ముజిగోలు కట్టాడు. అచ్చం నబతంజి గదుల్లాగే, అరుగుతో సహా. అతనికి తెలిసిన నమూనా అదొక్కటే.

ఆమె సామాను దించుతుంటే సెంతొంగో అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"గిన్నెలు చూపించు, నబతంజీ. నీ రూలే కదా."

ఆమె చూపించింది. ఒక్కొక్కటీ తిప్పి, అడుగు కనపడేట్టు. అతను ప్రతిదీ చూశాడు, తొందరపడలేదు.

"మెరుస్తున్నాయి. అద్దె ఇస్తావన్నమాట."

"నీ పట్టా ఎక్కడ పెట్టుకున్నావు?" అని అడిగింది ఆమె.

"బొగ్గు బస్తా మీదే. నువ్వు చెప్పాక తీస్తానా?"

అతను నవ్వాడు. అతని పెళ్లాం కూడా నవ్వింది. నబతంజి గిన్నెలు లోపల పెట్టుకుంది.

ఇంతా చేసి ఈ ఫ్లాట్లకు మనుషులు వచ్చారా? రాలేదు. కట్టినవాళ్లు కొనేవాళ్లను చూసి కట్టారుగానీ ఉండేవాళ్లను చూసి కట్టలేదు. అందరూ ఒకేసారి కట్టారు. ఈ అద్దెలు ఇవ్వగలిగినవాళ్లు పట్నంలో ఎంతమందో ఎవరూ చూసుకోలేదు. ఏళ్ల తరబడి అద్దెకు ఇవ్వబడును అన్న బోర్డు ఎండకు వెలిసిపోయింది. నబతంజి సెంతొంగో అరుగు మీద కూర్చుని, ఏ కిటికీలోనూ దీపం లేని ఆ నాలుగు అంతస్తుల వంక చూసేది. తన గదులు అక్కడే ఉంటే ఇవాళ కనీసం ఆ బోడా బండ్లవాళ్లయినా ఉండేవాళ్లు కదా అనుకుని ఉంటుంది. తర్వాత కంపెనీవాడు విసిగి అద్దె సగానికి దించాడు. అప్పుడు కదా మీరు వచ్చారు.

ఇక చివరిది వినండి. ముగాలు పెద్దకర్మ పెట్టాడు.

డబ్బు వచ్చాక అన్నలకు పంచాడు. ఒకరికి కారు, ఒకరికి బస్తీలో స్థలం. పోట్లాట ఎటు పోయిందో పోయింది. పెద్దలు కూడా ఇంగ్లీషు వచ్చినవాడే నయం అన్నారు. గుడారాలు వేశారు, మైకు పెట్టారు, ఆవుల్ని కోశారు. కబురు నబతంజికి చేరింది, ఎవరూ పిలవలేదు. ముందురోజే వెళ్లింది. వంటల దగ్గర ఎవరని అడిగితే, మాటిచ్చాను అంది. అరటికాయలు ఒలిచి, ఆకుల్లో మూటలు కట్టి, ఆవిరికి పెట్టి, తెల్లవార్లూ మతోకె వండింది. వచ్చినవాళ్లందరూ తిన్నారు. ఎవరు వండారని అడిగినవాళ్లు లేరు, మీలాంటివాళ్లే.

పొద్దున వారసుడిని చూపించారు. సూటు మీద ముడి వేసి నారబట్ట కట్టారు, చేతికి బల్లెం ఇచ్చారు. ఇదిగో మీ కలూలె అన్నారు. బంధువులు ఒక్కొక్కరే వచ్చి కానుకలు చదివిస్తున్నారు. నబతంజి వరసలో నిలబడి, తన వంతు వచ్చాక మోకాళ్ల మీద కూర్చుంది. ఇన్నేళ్లలో అతని ముందు అలా, యజమాని ముందు కూర్చున్నట్టు కూర్చోవడం అదే మొదలు. డబ్బా రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది.

"కలూలె, ఇది నా శిస్తు," అంది. "మీరు లేని ఏళ్లది."

మైకు హోరులో అతనికి సగమే వినిపించింది. డబ్బా అందుకున్నాడు, అందరి కానుకలూ వేస్తున్న పెద్ద బేసినులో పెట్టాడు. మైకు పట్టుకున్నవాడు ఒక అమ్మగారి కానుక, చప్పట్లు కొట్టండి అన్నాడు. కొట్టారు. ముగాలు వంగి, మర్యాదగానే అడిగాడు.

"మీది ఏ ఊరమ్మా?"

"బులిందో."

"బులిందోలో మాకిప్పుడు ఏమీ లేదే," అన్నాడు. వెనకాలవాళ్లు తోసుకొస్తుంటే ఆమె లేచి పక్కకు వచ్చేసింది.

అతనికి నిజంగానే గుర్తు లేదు. గుర్తుండి అన్నా బాగుండేది. మొదటిసారి అడిగినప్పుడు ఆమె డబ్బు అతని చేతిలో పెట్టి ఉంటే, ఇవాళ నారబట్ట కట్టుకున్నవాడి దగ్గరే కొన్నట్టయ్యేది. కోర్టు లెక్కకూ సరిపోయేది, కులం లెక్కకూ సరిపోయేది. వారసుడు మారలేదు. ఆమె అతని కోసమే ఆగింది, అతన్ని ఎదురుగా పెట్టుకుని.

ఇంటికి వచ్చాక సెంతొంగో కర్మ ఎలా జరిగిందని అడిగాడు. నారబట్ట బాగా కట్టారు అంది.  ఆ పూట గిన్నెలు తోమలేదు, మర్నాడు తోమింది. తర్వాతి వర్షాలకు జ్వరం పట్టుకుంది. ఆ నెల అద్దె ముందే ఇచ్చేసి ఉంది. మసాకా నుంచి అన్న కొడుకులు వచ్చి, వాళ్ల నాన్న తోటలో పాతిపెట్టడానికి తీసుకెళ్లారు.

పోయేనాటికి నబతంజికి డెబ్భై ఒక్క ఏళ్లు.